గండిపేటకా, హిమాయత్‌సాగర్‌కా, అనంతగిరికా? హైదరాబాద్ దగ్గర నీళ్ల వెంట నడవాలనుకునేవాళ్లకు

"ఆదివారం పొద్దున ఎటైనా వెళ్లి కాసేపు నడిచొద్దాం. నీళ్లు కనబడాలి, మరీ దూరం కాకూడదు." ఈ మాట నెలకు రెండుమూడుసార్లయినా ఎవరో ఒకరు నాతో అంటారు. నేను వెంటనే ఊరి పేరు చెప్పను. ముందు ఒకటి అడుగుతాను: పని కావలసింది కాళ్లకా, కళ్లకా? గండిపేటకు వెళ్లి "ఇక్కడ ట్రెక్కింగ్ ఏదీ?" అని నిరాశపడేవాళ్లనూ, మోకాళ్లు నొప్పులున్న అమ్మానాన్నల్ని అనంతగిరికి తీసుకెళ్లి సగం దారిలో కూర్చోబెట్టేవాళ్లనూ చాలామందిని చూశాను. చోటు మంచిదే. మనిషికీ చోటుకీ పొత్తు కుదరలేదు, అంతే.

ఎక్కడికి వెళ్లినా ఈ నీళ్ల కథ కొంత తెలిసి వెళ్తే నడక రుచే మారిపోతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది. వేలమంది కొట్టుకుపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మరుసటి ఏడాది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఇచ్చిన సలహా సారాంశం ఇది: ఊరికి ఎగువన మూసీ మీద ఒక జలాశయం, దాని ఉపనది ఈసీ మీద మరొకటి కట్టండి, వరదను అక్కడే పట్టండి. ఆ పట్టిన నీళ్లే ఊరికి తాగునీళ్లయ్యాయి. మూసీ మీది ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకటి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరిట, రెండోది ఆయన పెద్దకొడుకు పేరిట. జనం మాత్రం ఉస్మాన్‌సాగర్‌ను గండిపేట అనే పిలుస్తారు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోలేడన్న నానుడి మా ఇంట్లో మూడు తరాలుగా నిజమవుతూనే ఉంది.

మొదట గండిపేట సంగతి. పిల్లలున్న ఇంటికి, పెద్దవాళ్లున్న ఇంటికి, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు ఒక పూట చూపించడానికి దీన్ని మించింది లేదు. మెహదీపట్నం వైపు నుంచి తేలిగ్గా చేరుకోవచ్చు. 2022లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ తెరిచిన పార్కు జలాశయం ఒడ్డునే ఉంది. టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే చదునైన దారులు, కూర్చోవడానికి చోటు, ఎదురుగా నీళ్లు. కానీ ఇది నడక కాదు, షికారు. రెండు చుట్లు తిరిగితే పార్కు అయిపోతుంది. కట్ట మీద తీరిగ్గా కిలోమీటర్ల కొద్దీ నడుద్దామనుకుంటే కుదరకపోవచ్చు. అది తాగునీటి జలాశయం కాబట్టి జలమండలి ఆంక్షలు పెడుతుంది, వరద రోజుల్లో అసలే పోనివ్వరు. కట్ట మీద నిజాం వేసవి విడిదిగా ఉన్న సాగర్ మహల్‌ను బయటి నుంచి చూసినా ఆ కాలపు అభిరుచి తెలుస్తుంది.

గండిపేట అసలు సొగసు సాయంత్రం. మూసీ పడమటి నుంచి తూర్పుకు పారే నది. కట్ట తూర్పు కొసన ఉంది, నీళ్లన్నీ దానికి పడమటన ఉన్నాయి. అందుకే పొద్దు నేరుగా నీళ్లలోకే దిగుతుంది. ఈ చిన్న విషయం తెలియక పొద్దున్నే పరుగెత్తుకెళ్లేవాళ్లు ఎక్కువ. పొద్దుటిపూట సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. ఫొటోకు అది బాగానే ఉంటుంది గానీ, గుండె పట్టేసే దృశ్యం మాత్రం సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర మధ్యలోనే.

గండిపేట చుట్టుపక్కలే కాళ్లకు పని దొరకాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, కట్టకు దిగువన మంచిరేవులలో అటవీశాఖ వాళ్ల ట్రెక్ పార్కు. 2023లో తెరిచారు, 256 ఎకరాలు. రాళ్లు, తుప్పలు, మట్టిదారులు; నగరం అంచునే ఉన్నామని మరిచిపోవచ్చు. రెండోది చిలుకూరు పక్కన మృగవని జాతీయ ఉద్యానవనం. మూడున్నర చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, అంతే. చుక్కల జింకలు కనబడతాయి, నెమళ్ల అరుపు వినబడుతుంది. చిలుకూరు బాలాజీ గుడికి ఎలాగూ వెళ్లేవాళ్లు పొద్దున్నే దర్శనం చేసుకుని, పదకొండు ప్రదక్షిణలు పూర్తిచేసి, అటు నుంచి అటే మృగవనికి వెళ్లొచ్చు. మొక్కు తీరి నూటెనిమిది ప్రదక్షిణలు చేయాల్సినవాళ్లకు మాత్రం ఆ రోజుకు వేరే నడక అక్కర్లేదు.

ఇక హిమాయత్‌సాగర్. నాకు ఇది గండిపేట కంటే ఒక మెట్టు ఎక్కువ. ఎందుకో చెప్తాను.

చలికాలం, ఉదయం ఆరుంబావుకు కట్ట దగ్గరికి చేరాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద పోలీస్ అకాడమీ దగ్గర దిగితే దగ్గరే. మంచు నీళ్ల మీద ఇంకా లేవకుండా పరుచుకుని ఉంటుంది. అవతలి ఒడ్డు కనబడదు. ముందు చప్పుడు వస్తుంది, తర్వాత మనిషి కనబడతాడు: థర్మాకోల్ ముక్కల్ని గోనెపట్టాలో కట్టి చేసుకున్న తెప్ప మీద, కాళ్లు రెండూ మడిచి కూర్చుని, అరచేతుల్లో పట్టే చిన్న చెక్కలతో నీళ్లు తోసుకుంటూ వల తీయడానికి వచ్చే చేపలాయన. వల పైకి లాగుతుంటే దాని కన్నుల్లో నీటి చుక్కలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆయన వెనకే నీటికాకులు వరసగా రాళ్లెక్కి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉందంటే ఆ రోజు బాగున్నట్టే అని మా నాన్న నమ్మకం. దసరాకే కాదు, ఎప్పుడు చూసినా దండం పెట్టేవాడు. డిసెంబరు, జనవరిలో అదృష్టం బాగుంటే తల మీద రెండు నల్లచారలుండే బాతులు కనబడతాయి. హిమాలయాలు దాటి వచ్చే జాతి అది. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి, పక్షులు బెదరకుండా ఎర్రచొక్కా మాత్రం వేసుకోకండి.

కట్ట రాయిని చేత్తో తాకి చూడండి. మన దక్కన్ గ్రానైటే, చెక్కి ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ రాళ్ల సందుల్లో పెరిగిన గడ్డి కూడా పొద్దుటి మంచుకు తడిసి ఉంటుంది. వరద గేట్లు పదిహేడు ఇక్కడ, గండిపేటకు పదిహేను. ఒకసారి గేట్ల వైపు వంగి చూస్తుంటే అక్కడే మేకలు మేపుకుంటున్న ఒక తాత నన్ను గదమాయించాడు. "బిడ్డా, గట్ల కింద వాగుల దిగకు. గేట్లెత్తే ముందు సైరన్ కొడ్తరు గనీ, నువ్వు పైకెక్కేదాంక నీళ్లు ఆగయి." ఆ మాట నేను ఇప్పటికీ అందరికీ చెప్తాను.

ఆ సైరన్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడల్లా దిగువన ఔటర్ సర్వీస్ రోడ్డు మీదికి నీళ్లొచ్చి దాన్ని మూసేస్తారు. ఒక ఆగస్టులో నేను ఈ సంగతి కనుక్కోకుండానే బయలుదేరాను. బారికేడ్ల దగ్గర వెనక్కి తిప్పారు. బండి మీద వెనక కూర్చున్న మా అక్క కొడుకు ఆ నీళ్లు చూసి భయపడి, ఇంటికి వచ్చేదాకా నోరు విప్పలేదు. 2025 సెప్టెంబరు చివర్లో ఈ రెండు జలాశయాల నుంచి వదిలిన నీళ్లు కిందికి పోయి ఊరి నడిబొడ్డున ఉన్న ఇమ్లీబన్ బస్టాండులోకే వచ్చాయి. నూరేళ్ల కిందటి కట్టలు ఇప్పటికీ ఆడంబరానికి లేవు, పని చేస్తున్నాయి.

అందుకే వానాకాలంలో వెళ్లేముందు ఒక పని చేయండి. పేపర్లో, టీవీలో జలాశయాల నీటిమట్టం చెప్తుంటారు. గండిపేట నిండుమట్టం సముద్రమట్టం నుంచి లెక్కేస్తే 1,790 అడుగులు. హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. ఈ అంకెలకు రెండు మూడు అడుగుల దూరంలో ఉందంటే చూడ్డానికి జలాశయం నిండుగా ఉంటుంది, అందమే. అంకె దాదాపు అందుకుంది, పైన వికారాబాద్ వైపు వాన పడుతోంది అంటే ఆ రోజు మానుకోండి. గేట్లెత్తినప్పుడు చూడాలనిపించడం సహజం, నేనూ చూశాను. కానీ దూరం నుంచి, పోలీసులు నిలబెట్టిన చోటి నుంచే చూడాలి.

గండిపేటకూ హిమాయత్‌సాగర్‌కూ మధ్య తేడా ఒక్క మాటలో అడిగితే: అక్కడ సౌకర్యం, ఇక్కడ ఏకాంతం. హిమాయత్‌సాగర్ దగ్గర బాత్‌రూములు వెతుక్కోవాలి, నీళ్లసీసా మీరే తెచ్చుకోవాలి, ఎండెక్కితే నీడ దొరకదు. సాయంత్రం చీకటి పడ్డాక ఆడపిల్లలు ఒంటరిగా ఉండే చోటు కాదు. పొద్దున గుంపుగా వెళ్లండి. సైకిలుంటే మరీ మంచిది. ఔటర్ పక్కన 2023లో తెరిచిన, సోలార్ పలకలు కప్పిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, దాని పింక్ లైన్ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు. నీడలోనే తొక్కుకుంటూ వచ్చి, చివర హిమాయత్‌సాగర్ కట్ట చూసుకుని వెనక్కి వెళ్లొచ్చు. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

ఇంతకీ వీటిలో ఏదీ "హైకింగ్" అనదగ్గది కాదు. కాళ్లు నొప్పెట్టాలి, చెమట పట్టాలి, అడవి వాసన రావాలి అనుకునేవాళ్లు ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడికి వెళ్లాలి. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో. హైదరాబాద్ నుంచి రోడ్డు మీద 75 కిలోమీటర్ల పైచిలుకు. రైలైతే ఇంకా హాయి: సికింద్రాబాద్‌లోనో లింగంపల్లిలోనో ఎక్కి వికారాబాద్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోకు కొద్ది దూరమే. అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర మొదలుపెట్టి, మెట్లు దిగి, గుడి కిందికి అడవిలోకి పోయే కాలిదారి పట్టండి. జులై నుంచి అక్టోబరు దాకా ఆకుపచ్చ తప్ప మరో రంగు కనబడదు. గాలి మంచిదని పేరు ఉన్న చోటు కాబట్టే నిజాం పాలనలోనే క్షయ రోగుల కోసం ఈ గుట్ట మీద ఆసుపత్రి కట్టారు. అక్టోబరులో వెళ్తే దారి పొడవునా సీతాఫలాలు అమ్ముతుంటారు. తంగేడు పూలు బతుకమ్మ కోసమే విరబూసినట్టుంటాయి.

ఇక్కడ బూట్ల విషయంలో నాది గట్టి మాట. వాన పడ్డాక ఇక్కడి ఎర్రమట్టి నున్నటి రాయి మీద పల్చగా పరుచుకుని సబ్బులా జారుతుంది. రోజూ వాకింగ్‌కు వేసుకునే, అరిగిపోయిన స్పోర్ట్స్ షూ పనికిరావు. అడుగున గీతలు లోతుగా ఉన్నవి వేసుకోండి. ప్యాంటు పొడుగ్గా ఉండాలి. గడ్డిలో జలగలు లేకపోయినా ముళ్లు ఉన్నాయి. కాలిదారి వదిలి లోపలికి వెళ్లేటప్పుడు స్థానికుల్ని ఒకర్ని వెంట తీసుకెళ్లడం మంచిది, ఒకే రకంగా ఉండే దారులు చీలిపోతూ ఉంటాయి. కోతులున్న చోటు, సంచిలో అరటిపళ్లు బయటికి కనబడనీయకండి.

అనంతగిరికి వెళ్లినవాళ్లు అదే రోజు కోట్‌పల్లి జలాశయం కూడా చూస్తారు. చారిత్రకం కాదు, 1967లో కట్టింది, కానీ నీళ్ల మీద కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) నడపడానికి వచ్చే కుర్రకారుతో ఆదివారాలు సందడిగా ఉంటుంది. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కనివ్వకండి, ఎక్కకండి. ఈదడం వచ్చని దిగి పోయినవాళ్లు ఈ నీళ్లలో ఉన్నారు. పైకి చూడ్డానికి చదునుగా ఉన్న చెరువు లోపల మట్టి తీసిన గోతులు ఉంటాయి, కాలు దిగబడే బురద ఉంటుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ విషయంలోనైతే ఈతే కాదు, కాళ్లు కడుక్కోవడం కూడా ఎందుకని అంటాను. గండిపేట నీళ్లు మోటారు లేకుండా వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు చేరి, అక్కడి నుంచి ఎవరో ఒకరి బిందెలోకే వెళ్తాయి.

మరీ పొద్దున్నే లేచి, రోజంతా పెట్టగలిగేవాళ్లకు నాలుగో దారి పోచారం. మెదక్ దాటి ఎల్లారెడ్డి వైపు, హైదరాబాద్‌కు 115 కిలోమీటర్లు దాకా ఉంటుంది. ఆలేరు వాగు మీద 1916లో మొదలుపెట్టి 1922లో ముగించిన కట్ట. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన అడవే ఇప్పుడు అభయారణ్యం. వానలు బాగా పడ్డ ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇక్కడ మత్తడి దూకుతుంది, అంటే నిండిన నీళ్లు కట్ట మీదుగా పొంగి పడతాయి. ఆ మాటను ఊరికే అనలేదు మనవాళ్లు, దూకడమే అది. కట్ట పొడవునా తెల్లటి తెరలా నీళ్లు కిందికి పడుతుంటే, దగ్గరగా నిలబడ్డ మనిషి మాట పక్కవాడికి వినబడదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ ప్రాంతాన్ని ముంచెత్తిన వరద ఈ కట్ట మీదుగానే పోయింది. అంత వరదలోనూ నూరేళ్ల ప్రాజెక్టు నిలబడింది. అప్పుడు ఆ ఊళ్లవాళ్లు రాత్రంతా కట్ట వైపే చూస్తూ గడిపి ఉంటారు, ఆ ఊహకే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. దారిలో మెదక్ చర్చి చూసుకుంటే రోజు నిండిపోతుంది. మత్తడి లేని కాలంలో మాత్రం ఒక్క జలాశయం కోసం అంత దూరం వెళ్లమని చెప్పను. అడవీ జింకలూ చూడాలనుకుంటే శీతాకాలంలో వెళ్లండి.

ఊరి లోపలివి కొన్ని చెప్పి ముగిస్తాను. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది; ఇప్పుడు తీగల వంతెన, వాకింగ్ ట్రాక్, జనం. ఆఫీసు అయిపోయాక అరగంట తిరగడానికి చాలు. అమీన్‌పూర్ చెరువు పక్షుల కోసం; 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, నడక తక్కువ, నిలబడి చూడడం ఎక్కువ. మీరాలం చెరువును మాత్రం ఇంజనీరింగ్ చదివే పిల్లలకు చూపించాల్సిందే. రెండు వందల ఏళ్ల కిందటి కట్ట, ఒకే గోడలా కాకుండా 21 కమాన్లు పక్కపక్కన అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. వంపులు నీళ్ల వైపు తిరిగి ఉంటాయి, ఆ బరువును వంపే భుజాల మీదికి పంచేస్తుంది. జూ పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లిన రోజు పక్కనే ఇది ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నన్ను గట్టిగా ఒక్కటే చెప్పమంటే, ఎవరు వెళ్తున్నారన్నదాన్ని బట్టి చెప్తాను. అమ్మానాన్నలతో, చంటిపిల్లలతో అయితే గండిపేట, సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరండి. మొదటిసారి నడక అలవాటు చేసుకునేవాళ్లు, సైకిలువాళ్లు, పక్షుల పిచ్చివాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హిమాయత్‌సాగర్‌కు. స్నేహితుల గుంపు, రోజు మొత్తం చేతిలో ఉంది, కాళ్లు దృఢంగా ఉన్నాయి అంటే అనంతగిరి, వానలు తగ్గుముఖం పట్టిన సెప్టెంబరు చివర్లో. మంచి వానల తర్వాత, కారు ఉంటే, పోచారం. ఏప్రిల్, మేలో వీటిలో దేనికీ పొద్దున తొమ్మిది దాటాక వెళ్లవద్దు. గ్రానైట్ రాయి పట్టిన వేడి చెప్పుల అడుగు దాటి వస్తుంది.

ఇంకొకటి ఈ ఎంపికలో లెక్కలోకి తీసుకోమంటాను, కొందరికి ఇది నచ్చకపోవచ్చు. గండిపేట, హిమాయత్‌సాగర్‌లకు నీళ్లిచ్చే ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో జీవో 111 వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. 2022లో జీవో 69తో ఆ కట్టుబాట్లను సడలించారు. అక్కడి రైతులకు తమ భూమి మీద తమకు హక్కు కావాలన్నదీ నిజమైన బాధే, నేను కాదనను. కానీ వాగుల్లో ఫాంహౌస్ గోడలు లేచిన చోట వాన నీళ్లు ఎటు పోతాయో ఒకసారి నడిచి చూడమంటాను. అందుకే గండిపేటకు వెళ్లే రోజు చుట్టుపక్కల రిసార్టుల కంటే ఊరి హోటల్‌లో టిఫిన్ చేయండి, ప్లాస్టిక్ ఏదైనా ఉంటే తిరిగి ఇంటికే తెచ్చుకోండి. కట్ట మీద చిప్స్ ప్యాకెట్ వదిలితే గాలికి నేరుగా నీళ్లలోకే పోతుంది, నా కళ్లారా చూశాను.

తిరుగు ప్రయాణంలో టైముంటే లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఆగండి. గాంధీజీ చితాభస్మాన్ని 1948లో కలిపిన చోటు అది. గండిపేట నుంచి వచ్చే మూసీ, హిమాయత్‌సాగర్ నుంచి వచ్చే ఈసీ అక్కడే కలుస్తాయి. ఎండాకాలం చూస్తే మనసు కలుక్కుమంటుంది, నీళ్ల రంగు అట్లా ఉంటుంది. గేట్లు ఎత్తి రెండు రోజులైన పూట వెళ్లండి: రెండు వైపుల నుంచి రెండు రంగుల ఎర్రనీళ్లు వచ్చి, కొంత దూరం పక్కపక్కన నడిచి, ఆ తర్వాత కలిసిపోవడం గట్టు మీద నిలబడి చూడొచ్చు.